కందిలి ఆర్పిన కమ్లీ

దేవరుప్పుల చుట్టుపక్కల గోబర్ గ్యాస్ ఉన్న ఏ ఇంట్లో అడిగినా కమ్లీ పేరు చెబుతారు. జనగామలో పది రోజులు పని నేర్చుకుని వచ్చిన తండా మనిషి. భుజాన సంచి, అందులో రెండు పానాలు, ఒక సబ్బునీళ్ల సీసా. పైపు ఎక్కడ కారుతుందో నురగ పూసి పట్టేస్తుంది. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్లు కంటబడ్డారో, వాళ్ల పని అయిందే! చిన్నా పెద్దా చూడకుండా దులిపేస్తుంది. ఆ నోరే లేకపోతే ఎన్ని కొంపలు అంటుకునేవో మరి.

అంతటి మనిషి మాటా ఒక్కరి దగ్గర చెల్లేది కాదు. ఆయన ఆమె తండ్రి దేవ్యా. నలభై ఏళ్లు బావులు తవ్వినవాడు. బావిలో దిగేముందు వెలిగించిన కందిలిని దించుతాడు. దీపం ఆరితే గాలి మంచిది కాదని ఆగిపోతాడు. నడుముకు తాడు తనే కట్టుకుంటాడు. ఇంకొకరు వేసిన ముడిని నమ్మడు.

మొన్న ఎండాకాలం హన్మంత్ అనే రైతు ఇంట్లో గ్యాస్ ఆగిపోయింది. గోబర్ గ్యాస్ గుంత మీది ఇనుప డ్రమ్ము ఎత్తించి, పేడనీళ్లు తోడించి, అడుగున గట్టిపడ్డ మడ్డి తవ్వమని దేవ్యాను పిలిచాడు. కమ్లీ కబురు తెలిసి వచ్చేసరికి, తండ్రి వెలిగే కందిలికి తాడు కట్టి గుంత వైపు నడుస్తున్నాడు. ఆమె ఒక్క ఉరుకున పోయి కందిలి లాక్కుని, దూరంగా తీసుకుపోయి ఆర్పేసింది.

“ఏందే గిది? నలభై ఏండ్ల సంది బాయిలు తవ్విన. నాకే నేర్పుతవా?” నలుగురిలో పరువు పోయిందని దేవ్యా మండిపడ్డాడు.

“బాయిల అయితే దీపం ఆరిపోతది బాపూ. గీ గుంతల గ్యాసు అంటుకుంటది. నువ్వుండవు, గీడ ఎవ్వలం ఉండం!”

“వాసన గూడ వస్తలేదు గదనే,” అన్నాడు హన్మంత్.

“విషగాలి ఎక్కువైతే ముక్కు మొద్దుబారుతదన్నా. జర ఒక కోడినియ్యి.”

కోడిని గంపలో పెట్టి దించారు. కాసేపటికి పైకి లాగితే దాని మెడ వాలిపోయి ఉంది. “అయ్యో, గుడ్లు పెట్టే కోడి!” అని హన్మంత్ భార్య పుష్పమ్మ మొత్తుకుంది. దేవ్యా ఆ కోడినే చూస్తూ నేల మీద చతికిలబడ్డాడు.

కమ్లీ వడ్లు తూర్పారబట్టే ఫ్యానును దూరంగా పెట్టించి, పెద్ద పైపుతో గుంతలోకి గాలి పంపించింది. దగ్గర్లో పొయ్యి వెలిగించనివ్వలేదు, బీడీ ముట్టించనివ్వలేదు. రెండో రోజే హన్మంత్‌కు ఓపిక అయిపోయింది.

“ఇంకెన్ని రోజులు? దిగరాదా దేవ్యా!”

“నా బిడ్డ దిగుమనాలె. అప్పటిదాంక ఎవలు చెప్పినా దిగ.”

ఆ మాటకు కమ్లీ మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది.

మూడో రోజు పుష్పమ్మ కోడినివ్వనని తెగేసి చెప్పింది. కమ్లీ తన ఇంటి కోడినే తెచ్చి దించింది. అది అరుస్తూ, రెక్కలు కొట్టుకుంటూ పైకి వచ్చింది! అయినా ఫ్యాను ఆపనివ్వలేదు. ఇద్దరిని తాడు దగ్గర నిలబెట్టి, లోపల మనిషి పడితే ఎవరూ వెనక దిగొద్దని, పైకి లాగడమేనని పదిసార్లు చెప్పింది.

దేవ్యా బీడీకట్ట తీసి పుష్పమ్మకిచ్చాడు. తాడు తెచ్చి కూతురి చేతిలో పెట్టి, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు.

“కట్టు బిడ్డా.”

కమ్లీ ముడి వేసింది. దేవ్యా దాన్ని లాగి కూడా చూడకుండా దిగాడు.