ఖాళీ రోలు

తలాతు నాకు సవతి. ఈ మాట ముందే చెప్పేస్తే మేలు. ఎక్కడైనా నేను ఆమెను మెచ్చుకుంటే, అది తేలిగ్గా వచ్చిన మెప్పు కాదని మీకు తెలుస్తుంది. మా ఆయన లారీ నడుపుతూ ఎప్పుడూ అగాడెజ్ దారిలోనే ఉంటాడు. నైజర్ దేశపు చిట్టచివర, ఈ అస్సమాకాలో, ఒకే వాకిట్లో మేమిద్దరం మిగులుతాం. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి పొయ్యిలు వేరు, కడవలు వేరు, రోళ్లు వేరు.

ఆమె రోలు సంగతి ఊరంతటికీ తెలుసు. చెట్టు మొలవని చోట అంత పెద్ద కర్ర రోలు ఉండటమే గొప్ప. వాళ్లమ్మ ఇచ్చిందని, పుట్టిల్లు దమగరం నుంచి లారీలో ఒళ్లో పిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని తెచ్చుకుంది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఒకసారి నా మేక దాని మీద కాలు పెట్టిందని నాతో వారం మాట్లాడలేదు. ఆ వారం హాయిగా గడిచిందనుకోండి.

ఊరికి ఉత్తరాన సరిహద్దు. పని వెతుక్కుంటూ వెళ్లిన పరదేశులను అవతలి వాళ్లు పట్టుకుని, లారీల్లో తెచ్చి, ఇసుకలో దింపేసి, అటు నడవండి అంటారు. అటు అంటే మా ఊరు. మధ్యలో నీడ లేదు, బాట లేదు. అందుకని తలాతు పొద్దున్నే ఊరి చివర ఒక పాత టైరు కాలుస్తుంది. ఆ నల్ల పొగను గురి పెట్టుకుని వాళ్లు నడిచి వస్తారు. రాగానే గుక్కెడు గుక్కెడుగా నీళ్లు పోస్తుంది, ఆ తర్వాత సజ్జ జావ. ఆమెకు ఈ పని ఎవరూ అప్పగించలేదు.

"నీకెందుకక్కా ఈ గోల?" అని అడిగితే, "నీతో వాదించడం కంటే తేలికే" అంటుంది.

ఆ రోజు గుంపు వచ్చేసరికి దక్షిణాన ఆకాశం ఇటుక రంగుకు తిరిగింది. వానలకు ముందు లేచే దుమ్ము అది. అందరూ నీళ్ల మీద పడ్డారు గానీ ఒక్క కుర్రాడు మాత్రం చెంబు పట్టుకుని వెనక్కే చూస్తున్నాడు. పేరు ఫోదే, గినీ దేశం వాడు.

"తాగు నాయనా, ఏం చూస్తున్నావ్?" అంది తలాతు.

"మా చెల్లి సిరా ఉందమ్మా. కాలు మడతపడింది. ఎర్ర పీపాల దగ్గర కూర్చోబెట్టాను. బండి తెస్తానని చెప్పి వచ్చా."

"నీళ్లున్నాయా దాని దగ్గర?"

"సీసా అడుగున కాస్త."

మా వీధి అఖమూదుకు మూడు చక్రాల మోటారు బండి ఉంది. "సరిహద్దు గుర్తుకు పెట్టిన పీపాలేగా, నాకు తెలుసక్కా, ఇట్టే తెస్తా" అని వెళ్లాడు. అతను కనుమరుగైన కాసేపటికే దుమ్ము ఊరిని మింగేసింది. వాకిట్లో నిలబడితే గుమ్మం కనబడలేదు. అతను తిరిగి వచ్చేసరికి కనురెప్పల దాకా ఇసుకే. బండి ఖాళీ.

"పీపాల దగ్గర ఎవరూ లేరు. పొగ చూసుకుని లేచి బయల్దేరినట్టుంది. ఇప్పుడు పొగెక్కడిది? అరిచాను, హారన్ కొట్టాను. ఆ హారన్ నాకే వినబడలేదు."

ఫోదే బయటికి పరుగెత్తబోతే ఇద్దరు మగాళ్లు అడ్డం పడి పట్టుకున్నారు. "కూర్చోమన్నాను, అక్కడే కూర్చోమన్నాను" అని ఒకటే ఏడుపు. ఆ వేడిలో నీళ్లు లేని మనిషి ఎంతసేపు నిలుస్తుందో మాకు తెలుసు. మసీదు మైకులో కేకేద్దామన్నా ఆ రోజు కరెంటు లేదు.

తలాతు తడుముకుంటూ టైరు దాకా వెళ్లి చూసింది. పొగ నేలకు అంటుకుపోయి ఉత్తరానికి పాకుతోంది. చటాలున ఇంటికి వెనక్కొచ్చి, లోపలి నుంచి తన రోలును దొర్లించుకుంటూ వచ్చింది.

"ఒసే డేలూ, నీ రోలూ పట్రా" అంది నాతో.

"ఇప్పుడు వంటేమిటి? మతి పోయిందా?"

"గాలి అటే పోతోందే. కంటికి కనబడకపోతే చెవికైనా వినబడనీ."

చుట్టుపక్కల ఆడవాళ్లను కేకేసింది. ఊరి చివరి గోడ పక్కన వరసగా రోళ్లు పెట్టాం, సజ్జలు పోసి దంచాం. ముక్కుకూ నోటికీ గుడ్డలు కట్టుకున్నా పళ్ల మధ్య ఇసుకే. కాసేపు బాగానే మోగింది. సజ్జలు పిండి అయ్యేకొద్దీ చప్పుడు మెత్తబడింది. రోకలి దూది మీద పడుతున్నట్టుంది.

తలాతు ఆగి విన్నది. ఉన్నట్టుండి రోలు వంచి పిండంతా ఒక గుడ్డ మీదికి బోర్లించింది. ఆ గుడ్డ కొసను గాలి లాక్కుపోయింది. తర్వాత ఖాళీ రోట్లో రోకలి ఎత్తి వేసింది.

మా అందరి చేతులూ ఆగిపోయాయి. ఖాళీ రోలు దంచితే ఇంట్లోకి ఆకలిని పిలిచినట్టేనని మా అత్త చెప్పి పోయింది, ఆమెకు వాళ్లత్త చెప్పింది. చిన్నపిల్లలు ఆటకు కొట్టినా చెంప పగలగొడతాం.

"అక్కా, వద్దు! ఇంటికి అరిష్టం!"

"ఆకలి మనింటికి కొత్తా? దారి దానికి బాగా తెలుసు. దారి తెలియంది ఆ పిల్లకు."

ఒళ్లు మండిపోయింది నాకు. ఎప్పుడూ ఇంతే, మాటకు చోటివ్వదు. ఆ మంటతోనే నా పిండి కూడా గుమ్మరించేసి ఖాళీ రోట్లో వేశాను ఒక దెబ్బ. అబ్బ, ఏం మోగింది! ఇక మిగతావాళ్లూ బోర్లించారు. అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. ఎవరూ ఆపలేదు. మధ్యలో తలాతు రోలు టప్పున పలికి, అంచు నుంచి అడుగు దాకా చీలింది. నేను చూశాను, ఆమె కూడా చూసింది. ఒక్క క్షణం రోకలి గాల్లోనే ఉండిపోయింది. తర్వాత అదే చీలిక మీద మళ్లీ పడింది.

చాలాసేపటికి గోడ అవతల ఏదో కదిలింది. మేకేమో అనుకున్నాను. మోకాళ్ల మీద పాకుతూ ఒక పిల్ల. ఫోదే అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

తలాతు దాని తలను ఒళ్లో పెట్టుకుని తడిగుడ్డతో పెదాలు తడిపింది. కాస్త తేరుకున్నాక సిరా అందరి వైపూ చూసి, సిగ్గుపడుతూ అంది: "ఎవరింట్లోనో వంటవుతోందనుకున్నా. ఇంకా దంచుతున్నారంటే ఇంకా వడ్డించలేదు, నాకూ దొరుకుతుందిలే అనుకుంటూ వచ్చా."

ఎదురుగా వరసగా ఖాళీ రోళ్లు. పిండి ఎడారిలో కలిసిపోయింది. ఎప్పుడూ ఏడవని నా సవతి ఆ పిల్ల జుట్టులో ముఖం దాచుకుని భోరుమంది. నేను గోడ మూలల్లో మిగిలిన పిండి ఊడ్చి, జల్లించి, జావ కాచాను. ఇసుక కరకరలాడుతున్నా సిరా గిన్నె నాకేసింది.

మర్నాడు పొద్దున నేను సజ్జలు దంచుతుంటే, తలాతు తన రోకలి పట్టుకుని వచ్చి నా రోలు ముందు నిలబడింది. అడగదు కదా, ఆమెకు అడగడం చేతకాదు.

"నిలబడ్డావేం? వెయ్" అన్నాను.

వేసింది. నాది లేచినప్పుడు ఆమెది పడింది.

"నెమ్మదిగా అక్కా, ఇదీ పగులుతుంది."

"పగిలితే పగలనీ" అంది తలాతు. "ముందు ఆ పిల్లకు ఇసుక లేని జావ కాయాలి."