ముగ్గురు దిగకూడని ఫోటో

కోర్టుకెక్కిన ఇద్దరిలో ఓడినవాడు కోర్టులోనే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడట. ఈ మాట మా నాన్న నోట ఎన్నిసార్లు విన్నానో. అప్పట్లో నవ్వొచ్చేది. మా పాప ఎవరి దగ్గర పెరగాలన్న కేసు విచారణకు వచ్చే రోజు దగ్గరపడుతుంటే నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. నిద్ర మాత్రం ముంచుకొచ్చేది. ఆఫీసులో, సిటీ బస్సులో, వకీలమ్మ గది బయట బెంచీ మీద, ఎక్కడ కూర్చుంటే అక్కడ కళ్ళు మూతలు పడేవి.

మేం విడిపోయాక పాప నాతోపాటు కాప్రాలో మా అమ్మ ఇంట్లో ఉంటోంది. శని, ఆదివారాలు లాలాగూడలో వాళ్ళ నాన్న దగ్గరికి వెళ్ళి వస్తుంది. అది చాలదని, పాప పూర్తిగా తన దగ్గరే ఉండాలని ఆయన పిటిషన్ వేశాడు. తల్లికి ఉద్యోగమే లోకమట, పిల్లను పెంచింది తనూ వాళ్ళమ్మానట. రుజువుగా బోలెడు ఫోటోలు జతచేశాడు. వకీలమ్మ వాటిని టేబుల్ మీద పరిచి కళ్ళజోడు సర్దుకుంది.

"చూసినవామ్మా? సైకిల్ నేర్పిచ్చేది ఆయనే. కేకు కోపిచ్చేది ఆయనే. దవాఖానల పక్కన కూసున్నది సుత ఆయనే. మరి నువ్వేడున్నవ్?"

"ఆ ఫోటోలు తీసింది నేనే మేడమ్."

"గా సంగతి జడ్జి సాబ్‌కు ఎట్ల తెలుస్తది? ముగ్గురు కలిసి దిగింది ఒక్కటన్న ఉంటే తే."

ఒక్కటీ లేదు. ఎలా ఉంటుంది? ముగ్గురు కలిసి ఫోటో దిగితే వాళ్ళలో ఒకరు దూరమైపోతారని మా అత్తగారి నమ్మకం. ఎవరైనా ఫోన్ పైకెత్తితే చాలు, "ముగ్గురు నిలవడొద్దు, ఒక్కరు పక్కకు జరుగుండ్రి" అని వంటింట్లోంచే కేకేసేది. మా అమ్మేమీ తక్కువ తినలేదు. కోస్తా నుంచి ఈ ఊరికి కాపురానికొస్తూ సామానుతోపాటు ఈ భయాన్నీ మూట కట్టుకొచ్చింది. పెళ్ళి మర్యాదల దగ్గర్నుంచి పప్పులో పులుపు దాకా దేంట్లోనూ కలవని వియ్యపురాళ్ళిద్దరూ ఈ ఒక్క సంగతిలో ఏకమయ్యారు.

పక్కకు జరిగేది ఎప్పుడూ నేనే. ఆయన పాపను ఎత్తుకుని సిద్ధంగా నిలబడేవాడు, నేను ఫోన్ పట్టుకునేదాన్ని. మాటలు వచ్చాక పాపే అరిచేది, "ముగ్గురం అయిపోయాం, అమ్మా, నువ్వు జరుగు!" అని. అదొక ఆట మాకు. ఇంత జాగ్రత్త పడ్డా కొంపయితే నిలబడలేదు. ఆ ఫోటో ఏదో దిగి ఉంటే కనీసం సాక్ష్యమైనా మిగిలేది.

"జెర పరేషాన్ గాకు," అంది వకీలమ్మ. "ఇప్పటికన్నా తీస్కో. జడ ఏస్తున్నట్టు, అన్నం పెడ్తున్నట్టు. ఇంకో మాట. జడ్జి సాబ్ పాపను లోపటికి పిలిచి ఎవరి దగ్గరుంటవని అడుగుతరు. నువ్వైతే ఏం నేర్పియ్యకు. నేర్పిస్తే ఇట్టే దొరికిపోతది."

పాప పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పనిని ఇప్పుడు చేస్తున్నట్టు చూపించాలి. ఇంతకన్నా అలసట ఇంకేముంటుంది? అయినా స్కూలు సెలవు రోజు పొద్దున్నే పాపను ముందు కూర్చోబెట్టుకుని దువ్వెన తీశాను. మా అమ్మ ఫోన్ పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"కాస్త నవ్వవే. కోర్టు వాళ్ళు చూసేది," అంది.

నాకు ఒళ్ళు మండింది. "రోజూ జడ వేస్తూ నవ్వుతానా? చిక్కులు తీస్తూ నేను తిడతాను, అది ఏడుస్తుంది. తీస్తే ఆ ఫోటో తియ్యి."

మా అమ్మ నా మాట వినిపించుకోకుండా టకటకా నాలుగు తీసింది. పాప తల కదపకుండా బుద్ధిగా కూర్చుంది. రోజూ అలా కూర్చునే పిల్ల కాదు.

"ఇవి జడ్జిగారికా అమ్మా?"

"ఊఁ."

"నన్ను కూడా అడుగుతారంట కదా. నానమ్మ చెప్పింది."

"అడుగుతారు. నీకేమనిపిస్తే అది చెప్పు."

వకీలమ్మ చెప్పినట్టే అన్నాను. లోపల మాత్రం, అమ్మ దగ్గరే ఉంటానని చెప్పవే తల్లీ, అని దండం పెట్టుకుంటున్నాను. ఆ పిల్ల లేకపోతే కాప్రా ఇంట్లో నాకేం పని? అసలు నేను ఎందుకు లేవాలి పొద్దున్నే?

"నేను ఆలోచించేశాను," అంది పాప. "ముగ్గురం ఉండకూడదు కదా. ఒకళ్ళు జరగాలి. ఎప్పుడూ నువ్వే జరిగావు. నాన్న దగ్గరున్న ఫోటోల్లో నువ్వు ఒక్కదాంట్లో కూడా లేవు, నేను చూశా. అందుకని ఈసారి నేను జరుగుతానని చెప్తా. నువ్వూ నాన్నా ఉండండి."

మా అమ్మ ఫోన్ దించేసి మంచం మీద కూలబడింది.

"నువ్వెక్కడికి జరుగుతావే?" అన్నాను.

"ఏమో. జడ్జిగారు చెప్తారు కదా."

చాలా మామూలుగా చెప్పింది. కోపం లేదు, ఏడుపు లేదు. ఆట నియమం ప్రకారం తన వంతు వచ్చిందంతే. జడ సగంలో ఉంది. మూడు పాయలూ నా వేళ్ళ మధ్యే ఉన్నాయి. రిబ్బను అందుకోవాలంటే ఒక చెయ్యి వదలాలి. వదిలితే నిజంగానే లేచి పక్కకు జరిగిపోతుందేమోనని భయమేసి, అలాగే పట్టుకుని కూర్చున్నాను.