పదకొండు గంటల నీళ్లు

2017 వేసవిలో నన్ను జిల్లా ఖజానా శాఖ నుంచి డెప్యుటేషన్ మీద సముద్రానికి దగ్గరలో ఉన్న ఒక పురపాలక సంఘానికి ఎకౌంట్స్ ఆఫీసర్‌గా పంపారు. విజయనగరానికీ శ్రీకాకుళానికీ నడుమ ఉన్న ఊరు అది. పేరు రాయడం లేదు, నాతో పనిచేసినవాళ్లు ఇంకా ఉద్యోగాల్లో ఉన్నారు. అప్పటికి నాకు మిగిలిన సర్వీసు కొద్దిగానే ఉంది. జీవితమంతా ఎదుటివాళ్ల బిల్లుల మీద అభ్యంతరాలు రాసి రాసి కొంత చేదెక్కిన మనిషిని. మా నాన్నగారు విజయనగరంలో వీణ నేర్పేవారు. శిష్యుడు ఒక్క స్వరం జార్చినా పాఠం ఆపేసేవారు. ఆ గుణం నాకు సంగీతంలో అబ్బలేదు గాని బిల్లుల్లో అబ్బింది.

అక్కడ నాకు అప్పగించింది బాండ్ల పని. ఊరికి పడమటివైపు మెట్ట మీద కొత్త కాలనీ వేయాలని నిర్ణయమైంది. తీరంలో కొన్ని వీధులను సముద్రం ఏటా కాస్త కాస్త కోసుకుపోతోంది. ఆ వీధుల్లోని మత్స్యకార కుటుంబాలకు కాలనీలో ఇళ్లు ఇవ్వాలి, మిగతా స్థలాలు అమ్మాలి. ఇళ్లకు ప్రభుత్వ పథకం ఉంది. రోడ్లు, కాలువలు, ట్యాంకు, పైపులు, వీధి దీపాలు మాత్రం మున్సిపాలిటీయే వేసుకోవాలి. మా వైపు అలవాటు వేరు. ముందు ఇల్లు లేస్తుంది, ఎన్నికలొస్తే రోడ్డొస్తుంది, కాలువ మనవల కాలానికి వస్తుంది. ఈ కాలనీలో మాత్రం పైపు ముందు, గోడ తర్వాత. కాబట్టి డబ్బంతా ఒక్కసారే కావాలి.

బాండు అంటే మున్సిపాలిటీ రాసిచ్చే అప్పుపత్రం. ఒక్క బ్యాంకు ఇచ్చే అప్పులా కాకుండా, బీమా సంస్థలు, భవిష్యనిధి ట్రస్టులు తలా కొంత కొంటాయి. వాళ్లకు భరోసాగా ఊరు కట్టే నీటి పన్ను, ఇంటి పన్ను ముందుగా ఎస్క్రో అనే ప్రత్యేక ఖాతాలో పడతాయి. అందులోంచి బాండ్లవాళ్ల వాటా తీసి పక్కన పెట్టాక, మిగిలింది మా ఆఫీసు ఖర్చులకు వస్తుంది. ఇవి మహానగరాలు చేసే పనులు. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టుందండీ అని మొదటి వారమే కమిషనర్ గారితో అన్నాను. ఆయన నా కొడుకు వయసువాడు. తోక మీరే గట్టిగా పట్టుకోవాలి సార్ అని నవ్వారు.

బాండ్లు అమ్మే ముందు రేటింగ్ కావాలి. రేటింగ్ సంస్థ మనుషులు వచ్చి, అప్పు తీర్చే శక్తి ఈ ఊరికి ఉందా, తీర్చే బుద్ధి ఉందా అని తూచి ఒక శ్రేణి ఇస్తారు. ఆ శ్రేణి ఒక గీతకు కిందికి జారితే బీమా సంస్థలూ భవిష్యనిధులూ కొనకూడదు, వాళ్ల నిబంధన అది. అప్పుడు పైపులు లేవు, కాలనీ లేదు, తీరంలో ఉన్నవాళ్లకు మళ్లీ ఒక వానాకాలం. ఆఫీసులో అందరికీ ఈ సంగతి తెలుసు. తెలియడమే కొంప ముంచబోయింది.

ముంబై నుంచి వచ్చిన విశ్లేషకురాలి పేరు వందన. మా రెండో అమ్మాయి వయసుంటుంది. తెలుగు రాదు, కాబట్టి దుబాసీ పని నాది. మా నీటి సరఫరా విభాగం అసిస్టెంట్ ఇంజనీరు ఆవిడ రాకను మంత్రిగారి రాకలా భావించాడు. మా ఆఫీసులకు తెలిసిన పెద్ద రాక అదొక్కటే. ఆవిడ నడిచే దారి పొడవునా సున్నం గీతలు, బ్లీచింగ్ పౌడరు. మధ్యాహ్నం భోజనం, ఆ తర్వాత అరసవల్లి దర్శనం. ఇదంతా సరే. నాకు చెప్పకుండా చేసిన పని ఇంకొకటి ఉంది. చూపించబోయే వార్డులో కుళాయిలు ధారాళంగా పారాలని, మిగతా వార్డులకు నీళ్లు వెళ్లే వాల్వులు తెల్లవారుజామునే మూయించేశాడు.

పదకొండు గంటలకు ఆ వార్డులో దిగాం. నీళ్లు బ్రహ్మాండంగా వస్తున్నాయి. ఒకావిడ అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతోంది. కుళాయి చప్పుడు విని చేట పక్కనపెట్టి బిందె పట్టుకుని పరుగెత్తింది. పరుగెత్తుతూనే ఎదురింటి మనిషిని కేకేసింది.

"ఒసే, పదకొండుకి నీలొస్తన్నాయేటే? మంత్రి గానీ వచ్చినాడేటి?"

ఆవిడేమంటోంది అని వందన నన్నడిగింది. ఏదో సరదాగా అంటోంది మేడం అని ఇంజనీరు తానే హిందీలో అందుకున్నాడు. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు. ఇలాంటి చోట దుబాసీకి మాట మెత్తబరచే వీలుంటుంది. కాని జారిన స్వరం వింటూ కూర్చోవడం నా వల్ల కాలేదు. ఉన్నది ఉన్నట్టే చెప్పాను. వందన నవ్వలేదు. ఈ సమయానికి ఇక్కడ నీళ్లున్నాయంటే, ఎక్కడ లేనట్టు అని ఇంజనీరును అడిగింది. అతను నా వంక చూశాడు, నేను వీధి మొదట్లోని వాల్వుల వంక చూశాను, సంగతి అప్పుడు అర్థమైంది. లేనిచోటికి తీసుకెళ్లమంది.

వెళ్లింది పల్లెవీధికి. తీరం వీధులకు కాస్త ఇవతల ఉంటుంది. పొద్దుటి వంతు నీళ్లు రాలేదు, కుళాయిల దగ్గర బిందెలు అలాగే వరసలో ఉన్నాయి. మున్సిపాలిటీ జీపు చూడగానే ఆడవాళ్లు చుట్టుముట్టారు. వాళ్లలో ముందుకొచ్చింది పైడమ్మ. ఎండుచేపలు అమ్ముకునే మనిషి, బజారులో ఆమె నోటికి అందరూ జడుస్తారు.

"ఏటి బాబూ, పొద్దున్న రావలసిన నీలేవీ? నెలనెలా కడతన్నాం కదా. కట్టనోలమయితే నోరు మూసుకుందుం. కట్టినోలం కాబట్టే అడుగుతన్నాం. నాను ఒక్క దినం ఆలీసమైతే మీ బిల్లు కలెట్రు నా గుమ్మంలో కూకుంటాడు. మీ నీలు ఆలీసమైతే నాను ఎవులి గుమ్మంలో కూకోను?"

వాక్యం వాక్యం అనువదించాను. ఆమె ప్రతి వాక్యమూ మా రేటింగును ఒక్కో మెట్టు దించుతోందని అనుకున్నాను. వందన ఒకే ప్రశ్న అడిగింది. అది వేట నిషేధం నడుస్తున్న కాలం, పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. రాబడి లేని ఈ నెలల్లో పన్ను ఎలా కడతారని అడగమంది.

"వేట నేని నెలలొస్తాయని ముందే తెలుసు కదేటి. ఉన్నప్పుడే తీసి పక్కన ఎడతాం. అదేటి పెద్ద ఇడ్డూరం?"

అది అనువదించేసరికి వందన పెన్ను ఆపి పైడమ్మ ముఖంలోకి చూసింది.

ఇంతలో నేను నా హద్దు దాటాను. పైడమ్మ కూతురి ఇల్లు తీరం వీధుల్లోనే ఉందని నాకు తెలుసు. ఆ వీధుల్లో చివరి వరస అప్పటికే కూలిపోయింది. ఆమెను పక్కకు పిలిచి, ఈ అమ్మాయి మంచిగా రాస్తేనే కొత్త కాలనీకి పైపులు, మీ అమ్మాయికి ఇల్లు, కాస్త చూసి మాట్లాడమ్మా అన్నాను. ఆమె తీరం వైపు చూసింది. తర్వాత నెమ్మదిగానే అంది.

"అయితే అబద్దం సెప్పమంటావా బాబూ? సెప్తాను, నాకేటి. ఈయాల అబద్దం సెప్పి అక్కడికి ఎల్తే, రేపు అక్కడా ఇలాగే నీలు రాకపోతే, నా కూతురు ఎవులికి సెప్పుకుంటాది?"

కూతురికి రాబోయే ఇంటిని పణంగా పెట్టి ఆ మాట అంది. ఇప్పుడేమంది అని వందన అడిగితే, నేను అన్నదీ ఆమె అన్నదీ రెండూ చెప్పాను. అరసవల్లి దర్శనం ఆగిపోయింది. వందన తిన్నగా స్టేషనుకు వెళ్లిపోయింది. ఆ సాయంత్రం కమిషనర్ గారి గదిలో ఎవరూ టీ కూడా ముట్టలేదు.

రేటింగ్ ఇచ్చేది వచ్చిన మనిషి కాదు, ముంబైలో కూర్చునే కమిటీ. కొన్ని వారాల తర్వాత వాళ్ల నిర్ణయం వచ్చింది. మేం ఆశించినదానికన్నా తక్కువే, కాని గీతకు పైనే ఉంది. కారణాల నోట్ ఒకటి జత చేశారు. బలహీనత కింద, వార్డుల మధ్య నీటి పంపిణీ సమంగా లేదని మొహమాటం లేకుండా రాశారు. బలం కింద, ఈ ఊరి ప్రజలు రాబడి లేని నెలల్లోనూ పన్ను కడుతున్నారు, కట్టినందుకు జవాబు అడుగుతున్నారు అని రాశారు. ఆ వాక్యం నేను చాలాసార్లు చదివాను. పల్లెవీధిలో తిన్న తిట్లు తూకంలో బలం వైపు పడ్డాయి. ఒక షరతు కూడా పెట్టారు. ఏ వార్డుకు ఏ రోజు ఎప్పుడు నీళ్లు ఇచ్చారో, ఎప్పుడు ఇవ్వలేదో నెలనెలా బాండ్లవాళ్లకు తెలియజేయాలి. లోపాలు ఆడిట్‌కు దొరక్కుండా దాచడంలో పండిపోయిన ఆఫీసు మాది. వాటిని మేమే రాసి ప్రకటించాలి.

బిడ్డింగు ఎలక్ట్రానిక్ పద్ధతిలో జరిగింది. ఎవరు ఎంత వడ్డీకి ఎంత కొంటారో నిర్ణీత గడువులో తెర మీద చెబుతారు. కమిషనర్ గారి గదిలో అందరం తెర ముందు కూర్చున్నాం. మొదట ఏమీ లేదు. తర్వాత ఒకటి, ఇంకొకటి, అలా గడువు ముగిసేలోపు మేం అడిగినంతా నిండి పైన మిగిలింది. వడ్డీ కొంచెం ఎక్కువే పడింది. ఇంజనీరు కళ్లు తుడుచుకున్నాడు. బాండ్లు కొన్నవాళ్లలో ఎవరూ మా ఊరు చూసి ఉండరు, పేరు పలకడం కూడా రాదేమో. ఎక్కడో ఒక టీచరు, ఒక రైల్వే గార్డు ముసలితనానికి దాచుకున్న సొమ్ము వచ్చి మా మెట్ట మీద పైపు అవుతోంది. నా భవిష్యనిధి సొమ్ము కూడా ఏ ఊరి కాలువలో ఉందో అని ఆ రోజు మొదటిసారి అనిపించింది. అన్నేళ్లు ఖజానాలో పనిచేసి, డబ్బు ఇంత దూరం నమ్మకంతో నడిచి రాగలదని నాకు తెలియలేదు.

నేను రిటైరయ్యే ముందు కాలనీలో మొదటి వరస ఇళ్లు నిండాయి. పైడమ్మ కూతురు అందులో ఉంది. ట్యాంకు గోడ మీద నీళ్ల వేళలు రాయించాం. తొలి నెలలోనే మోటారు చెడి ఒక రోజు నీళ్లు ఆలస్యమయ్యాయి. పైడమ్మ ఎండుచేపల గంపతోనే ఆఫీసుకొచ్చి నా బల్ల ముందు కూర్చుంది.

"ఈ గుమ్మమే కదా బాబూ?" అంది.

ఆ నెల నివేదికలో ఆ రోజూ రాశాం, కారణమూ రాశాం. అది చదివి ఎవరూ మా బాండు వదిలించుకోలేదు.

ఇలాంటి పని చేయబోయే కుర్ర ఆఫీసర్లు అడిగితే నేను చెప్పేది ఇంతే. కుళాయి పారుతున్నప్పుడు ఏ ఊరైనా ఒకటే. నీళ్లు రాని రోజున అక్కడి మనిషి ఎవరి గుమ్మంలో కూర్చోగలదో, ఆ గుమ్మంలో ఉన్నవాడు ఏం రాస్తాడో చూసి అప్పిస్తారు.