మర రాయిని లాగిన ఎడ్లెన్ని?

మా దాలయ్య మావ ఒకసారి వందమందిని గదిలో పెట్టి, తాళం వేసి, చరిత్ర చెప్పి చిత్రహింస పెట్టాడు. కేసు కాలేదంటే ఆయన అదృష్టం.

చరిత్రంటే రాజులది కాదు. కంచిలి దగ్గర మా గెడ్డ ఒడ్డున ఆయన తాతలు కట్టిన నీటిమరది. నీళ్లు చక్రాన్ని తిప్పితే చక్రం రాయిని తిప్పేది, రాయి ఊరందరి చోళ్లూ విసిరి రాగిపిండి చేసేది. కరెంటు మర వచ్చాక చక్రం ఆగింది. మావ నోరు ఆగలేదు. మధ్యలో ఎవరు దగ్గినా సరే, "అడ్డొచ్చీసినావు" అని మళ్లీ మందస కొండల్లో రాయి కొట్టిన దగ్గర మొదలెడతాడు. మొదలెట్టినప్పుడల్లా ఆ రాయిని లాగిన ఎడ్లు నాలుగు పెరుగుతాయి. సాంఘికశాస్త్రంలో పదకొండు మార్కులు తెచ్చుకుని బడికి దణ్ణం పెట్టేసిన నేను కూడా ఆ చరిత్ర నిద్రలో అప్పజెబుతాను.

పలాస నుంచి ధనుంజయ్ అనే జీడిపప్పు వ్యాపారి మరగదిని గోదాముకి అడగడానికి వచ్చాడు.

"గోడ మందమెంత?"

"మూడడుగులు. ఎందుకో సెప్తానుండు. మందస కొండల్లో..."

ధనుంజయ్ ఫోను మూడుసార్లు మోగింది. నాలుగెడ్లు పదహారయ్యాయి. మనిషి చెప్పులు వదిలేసి పారిపోయాడు. అవి ఇప్పుడు నా కాళ్లకున్నాయి.

తిత్లీ తుఫాను నాటి ఉదయం ఇళ్ల రేకులు ఎగిరిపోతుంటే, అందరం ఆ మూడడుగుల గోడల మధ్యకే పరిగెత్తాం. కాసేపటికి గాలి టక్కున ఆగింది. ఇళ్లకు బయల్దేరాం.

"గాలి అటునుంచి తిరిగొత్తాది, ఎల్లకండి," అన్నాడు మావ, తలుపు దగ్గర చతికిలబడి. ఎవరు వింటారు?

"లెగు బావా, నా ఆవు కట్టుతాడుతోనే ఉండిపోనాది!" అని పక్కింటి రత్నాలమ్మ మీదికెళ్లింది.

"నీ ఆవు సంగతికే వత్తన్నాను. ముందు మందస కొండల్లో..."

"ఇప్పుడా నీ సోది!"

"అడ్డొచ్చీసినావు. మందస కొండల్లో..."

తిట్టుకి నాలుగెడ్ల చొప్పున నలభైనాలుగు దాకా పెరిగాయి. అంతలో గాలి ఎదురువైపు నుంచి ఈడ్చి కొట్టింది. కిటికీలోంచి చూస్తుండగానే, మేం నడవాల్సిన దారి మీద కొబ్బరిచెట్లు వరసగా కూలాయి.

అందరం వెనక్కొచ్చి కూర్చున్నాం. చివరికి రత్నాలమ్మే, "ఎడ్లెన్నన్నావు బావా?" అంది.

మొదటిసారి అడ్డు లేకుండా చరిత్ర ముందుకెళ్లింది. "మర పక్కన ధాన్యం కొట్టు కట్టినారు. దాన్లోనే పొద్దున్న నీ ఆవుని కట్టీసినాను."

"ముందే సెప్పొచ్చు కదేటి!"

"కొట్టు కట్టింది రాయొచ్చిన ఎనకాల కదా."

మొన్న టీకొట్లో నేనీ కథ చెబుతుంటే మావ గ్లాసు దించాడు.

"వందమంది కాదు, ముప్పయ్యేడు. తాళం ఎక్కడిది? ఆ తలుపుకి గొళ్లెమే నేదు. అందికే ఈపు ఆనించి కూకున్నాను."