సూర్యభక్తుల ఇంట్లో రక్తపిశాచులు

ఆ ఏడు దుర్గాపూజ అష్టమినాడు అమ్మవారికి పుష్పాంజలి ఇవ్వడానికి పందిరి బయట ఎండలో చాలాసేపు నిలబడ్డాను. సాయంత్రానికి రెండు బుగ్గలూ, మధ్యలో ముక్కూ ఎర్రగా కందిపోయాయి. కొత్త పౌడరు పడలేదనుకున్నాను. మర్నాడు పొద్దున వేళ్లు ముడుచుకోలేదు, టీ గ్లాసు పట్టుకోలేకపోయాను. ఒంట్లో ఏదో తేడా చేసిందని అప్పుడే అనిపించింది.

మేముండేది కోల్‌కతా పక్కన సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో. మా ఆయన గూడ్స్ రైలు నడుపుతారు. రాత్రి డ్యూటీలు, పగలు ముసుగు తన్ని నిద్ర. ఇంట్లో మూడో మనిషి మా అత్తయ్య. ఆవిడది శ్రీకాకుళం పక్క పల్లె. అరసవల్లి సూర్యనారాయణమూర్తి ఆవిడకి దేవుడే కాదు, ఫ్యామిలీ డాక్టరు కూడా. ఒంటిమీద ఏ మచ్చ కనబడ్డా ఒకటే వైద్యం: తలస్నానం చేసి, ఎండకి ఎదురుగా నిలబడి అర్ఘ్యం ఇవ్వడం. నన్నూ మేడమీద నిలబెట్టారు. మచ్చ పెరిగింది. ఇంకాస్త ఎక్కువసేపు నిలబడమన్నారు.

జుట్టు ఊడింది, నోట్లో పుళ్లు లేచాయి, సాయంత్రమైతే జ్వరం. చివరికి కోల్‌కతాలో కీళ్ల జబ్బులు చూసే ఒక రుమటాలజిస్టు దగ్గరికి వెళ్లాం. బెంగాలీ ఆవిడ, నిదానంగా మాట్లాడే మనిషి. ఏఎన్‌ఏ, డీఎస్‌డీఎన్‌ఏ అనే రక్తపరీక్షలు చేయించి, లూపస్ అని తేల్చారు. మన రక్షణశక్తే మన మీద తిరగబడే జబ్బట. పూర్తిగా పోదు కానీ అదుపులో పెట్టుకోవచ్చట. స్టెరాయిడ్, హైడ్రాక్సీక్లోరోక్విన్ రాసి, "ఎండ మీకు విషం. ఇది కిడ్నీల దాకా పోకూడదు, మన పోరాటమంతా దానికే" అన్నారు.

అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. నేను కాలేజీ రోజుల నుంచీ రక్తపిశాచుల నవలల పిచ్చిదాన్ని. ఫుట్‌పాత్ మీద పాత ఇంగ్లీషు పుస్తకాల గుట్టలో పళ్లు బయటపెట్టిన అట్ట కనబడితే బేరం కూడా మర్చిపోతాను. ఆ సుఖం చదివినవాళ్లకే తెలుసు. కథ జరిగేది మామూలు ఊరే, ట్రామూ ట్రాఫిక్కూ ఉన్న ఊరే, కానీ ఫ్లైఓవర్ కింద మందుల షాపు నడిపేది మంత్రగత్తె, ఆఖరి బస్సు కండక్టరు పౌర్ణమికి తోడేలు. పుస్తకం మూసి బజారుకి వెళ్తే చేపలమ్మే ఆవిడ మీద కూడా అనుమానం వస్తుంది. రోజూ చూసే వీధి కొత్తగా కనబడుతుంది, అంతకంటే ఏం కావాలి? పైగా ఆ రక్తపిశాచులకి ఎండ పడదు. అయినా మంచి కోట్లు వేసుకుని, ప్రేమించుకుని, పోట్లాడుకుని, వందల ఏళ్లు హాయిగా బతికేస్తారు. నాకూ దారి దొరికినట్టే అనిపించింది.

అత్తయ్య దృష్టిలో మాత్రం నాకు జబ్బు వచ్చింది ఆ దెయ్యాల పుస్తకాల వల్లే. అవి లేచి రాకుండా దొంతర మీద విభూతి పొట్లం పెట్టారు.

మందులు బాగా పనిచేశాయి. సరస్వతీపూజ నాటికి చీర కుచ్చిళ్లు నేనే పెట్టుకోగలిగాను. ఆ తర్వాత రెండు రోజులకి రథసప్తమి. కోడలికి నయమైతే ఆ రోజు కోడలి చేతే ఎండలో పరమాన్నం వండిస్తానని అత్తయ్య మొక్కుకున్నారట. తల మీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేసి, మేడమీద పిడకలు రాజేసి, పాలు పొంగేదాకా సూర్యుడికి ఎదురుగా కూర్చున్నాను. పిడకలు తడిసి ఉన్నాయి, పాలు ఎంతకీ పొంగలేదు.

కొద్దిరోజులకే మళ్లీ జ్వరం. పాదాలు వాచాయి, మూత్రంలో నురగ. ఎండలోకి వెళ్లారా అని డాక్టరు అడిగారు. లేదన్నాను. అబద్ధమాడాలని కాదు. నా లెక్కలో నేను ఎండలోకి వెళ్లలేదు, పూజ చేశాను. ఆవిడ గుచ్చి గుచ్చి అడిగితే పాలు, పిడకలు అన్నీ బయటపడ్డాయి. ఎండ ఒక్కటే కారణమని చెప్పలేను గానీ నిద్రపోతున్న జబ్బుని అదే లేపింది అన్నారు. బయాప్సీలో లూపస్ నెఫ్రైటిస్ అని, అంటే జబ్బు కిడ్నీలకి పాకిందని వచ్చింది. ఆ రోజు నిజంగా ఏడ్చాను.

సెలైన్‌లో స్టెరాయిడ్ ఎక్కిస్తూ కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉంచారు. వేళ్లు వాచి పుస్తకం పట్టుకోలేకపోయేదాన్ని. అత్తయ్యే ఇంట్లోంచి ఒకటి తెచ్చి, విభూతి రాసి మరీ, నా ముందు తెరిచి పట్టుకున్నారు. నేను తెలుగులో చెప్పుకుపోయేదాన్ని, ఆవిడ పేజీలు తిప్పేవారు. అందులో మూడువందల ఏళ్ల రక్తపిశాచి బట్టల ఇస్త్రీ దుకాణం నడుపుతుంటాడు. ఆవిడ మొదటి సందేహం, చావనివాడికి తద్దినం ఎవులు పెడతారని. రెండోది, పగలంతా పడుకున్నవాడు రైల్వేలోనా పనిచేసేదని. నేను నవ్వితే నర్సు వచ్చి కసిరింది. మర్నాటి నుంచి విజిటింగ్ అవర్స్‌కి ముందే గేటు దగ్గర అత్తయ్య హాజరు.

ఒకచోట ఆ ఇస్త్రీవాడిని కొడుకులా చూసుకునే ముసలావిడ, గదంతా చీకటిగా ఉందని, వాడికి మంచిదని, పొద్దున్నే కిటికీ తెరుస్తుంది. వాడు కాలిపోతాడు. అత్తయ్య పేజీ తిప్పలేదు.

"తెలీక తీసింది పాపం" అన్నారు.

పుస్తకం ఒళ్లో పెట్టుకుని, "నానూ నిన్నలాగే నిలబెట్టీసినాను కదే పిల్లా" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడంటే నాకు ఎంత ఇష్టమో నాకే అప్పుడు తెలిసింది. ఇస్త్రీవాడు బతికాడు లెండి, అది తర్వాతి అధ్యాయం.

మైకోఫెనొలేట్ మాత్రలు వేసుకుంటూ నెమ్మదిగా తేరుకున్నాను. రక్తంలో పెరిగిన క్రియాటినిన్ దిగివచ్చింది, మూత్రంలో ప్రోటీన్ పోవడం ఆగింది. కిడ్నీలు నిలబడ్డాయి, మందులు మానొద్దని డాక్టరు చెప్పారు. ఈమధ్య డాక్టర్ని అడిగి, చీకటి పడ్డాక అరసవల్లి దర్శనానికి వెళ్లాం. దీపాల వెలుగులో అత్తయ్య స్వామికి గట్టిగానే విన్నవించుకున్నారు.

"మా కోడలు నీ ఎండకి రాదు బాబూ. దాని వాటా కూడా నా నెత్తిమీదే పొయ్యి."

ఇప్పుడు సన్‌స్క్రీన్, గొడుగు, నిండు చేతుల జాకెట్టు, ఆ మాత్రలు కంటికి హాని చేయకుండా ఏడాదికోసారి కంటి పరీక్ష, రోజుకో నవల. పొద్దున అర్ఘ్యం అత్తయ్యది, పగటి పుస్తకం ఇద్దరిదీ. నాలాంటి జబ్బున్నవాళ్లకి ఒకటే మాట చెబుతాను. ఏ మాత్రలు వేసుకుంటున్నారో చెప్పినట్టే, మీ ఇంట్లో ఏ పూజకి ఎక్కడ, ఎంతసేపు కూర్చుంటారో కూడా డాక్టరుకి చెప్పండి. వాళ్లకి అడగాలని తోచదు, మనకి అది ఎండ అని తోచదు.