అవ్వ లేని క్రిస్మస్ పాట

మా అమ్మను మేం అవ్వ అనే పిలిచేవాళ్లం. కురవి అవతల మా ఊరి చర్చిలో ఆమె చెప్పనిదే క్రిస్మస్ పాట సాగేది కాదు. చదువు రానివాళ్లే ఎక్కువ కదా, ఒక్కో లైనూ ముందు ఆమె గబగబా మాటల్లో అందిస్తే, వెంటనే అందరూ రాగంలో ఎత్తుకునేవాళ్లు. తనూ వాళ్లతో గొంతు కలిపి, లైను చివరికి వస్తుండగానే తర్వాతి లైను చెప్పేసేది. బాపు, అంటే మా నాన్న, డోలక్ కొడుతూ పాడేవాడు. చూపు మాత్రం ఆమె నోటి మీదే.

మొన్న ఎండాకాలంలో జ్వరమని అవ్వను దవాఖానకు తీసుకుపోతే మళ్లీ ఇంటికి రాలేదు. అప్పటి నుంచి బాపు మా తమ్ముణ్ణి అడిగేది ఒక్కటే.

"పోయిన పండుగకు మీ అవ్వ పాట ఫోన్ల పట్టినవు గదరా, జర ఇనిపియ్యి."

తమ్ముడు జనగామలో పెళ్లిళ్లకు కీబోర్డు వాయిస్తాడు. కంప్యూటర్‌లో పాటలకు సంగీతం కూడా కడతాడు. "గట్ల ఉత్తగ ఎందుకు బాపూ? పెద్ద ఆర్కెస్ట్రాతోని తయారుజేసి పండుగకు మస్తు ఇనిపిస్త" అని ఊరించాడు. బాపు వెర్రిబాగులవాడు, నమ్మి ఊరుకున్నాడు. నాకైతే ఒళ్లు మండింది. ముసలాయన అడిగిన చిన్న ముక్కకు ఇన్ని నెలలు ఆగమనడమేమిటి? ఫోన్ చేసి కడిగేస్తే, "అక్కా, దీని సంగతి నీకు తెల్వది, నువ్వు ఊకో" అన్నాడు. సరే మహానుభావా అని ఊరుకున్నాను.

పండుగ పొద్దున చర్చి నిండిపోయింది. బాపు ఇస్త్రీ అంగీ తొడుక్కుని వచ్చి స్పీకరు పక్కనే కూర్చున్నాడు. డోలక్ ఇంట్లోనే పెట్టి వచ్చాడు. "ఇయ్యాల ఇనుడే" అన్నాడు అందరితో.

పాట మొదలైంది. ఉన్నమాట చెప్పాలి, నాకు ఒళ్లు జలదరించింది. వయోలిన్లు మెల్లగా లేచాయి. వాటి వెనక బూరలు, ఆ తర్వాత ఉరిమినట్టు పెద్ద పెద్ద డ్రమ్ములు. కిటికీ రెక్కలు గడగడలాడాయి. వాటన్నిటి నడుమ అవ్వ గొంతు. దగ్గు లేదు, ఆయాసం లేదు, ఎక్కడా శ్రుతి తప్పలేదు. నాకు ఏడుపు ఆగలేదు. తమ్ముడు గర్వంగా నావైపు చూశాడు.

ఆడవాళ్లు పాడదామని నోళ్లు తెరిచారు. మొదటి లైను కాగానే ఆగిపోయారు. అందించే మాట రాలేదు, వయోలిన్లు వచ్చాయి. "ఏం పాడాలె?" అని ఒక ముసలామె పక్కనున్నామెను అడిగింది. కాసేపటికి అందరూ సినిమాకు వచ్చినట్టు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

పాట అయిపోయింది. "మంచిగుంది బిడ్డా" అన్నాడు బాపు తమ్ముడితో. "గని మీ అవ్వ చెప్పే మాటలేవిరా?"

"గవి పాట నడుమ అడ్డమొస్తున్నయని కోసేసిన బాపూ. ఆ జాగల వయోలిన్లు పెట్టిన."

"అసలుది ఉన్నదారా?" అని నేనడిగాను.

లేదన్నాడు. పాత ఫోన్ ఇచ్చేసి కొత్తది తీసుకున్నాడట. కంప్యూటర్‌లో మిగిలిన ముక్కలు ఇక దేనికిలే అని చెరిపేశాడట. నోటికొచ్చినట్టు తిడదామనుకున్నాను. కానీ వాడు అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడుస్తుంటే ఏమనను?

బాపు లేచి నిలబడ్డాడు. "ఏడువకురా, నేను చెప్త."

జనం వైపు తిరిగి, అవ్వలాగే గబగబా మొదటి లైను చెప్పాడు. అందరూ ఒక్కసారిగా అందుకున్నారు. చర్చి దద్దరిల్లింది. వాళ్లు లైను చివరికి వచ్చేశారు. బాపు నోరు తెరిచాడు, మాట రాలేదు. జనం పాడిందే మళ్లీ పాడారు. ఆయన ఇంకా నోరు తెరుచుకుని అలాగే నిలబడి ఉన్నాడు.

నేను వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. "ఇన్నేండ్లు పాడినవు గదా బాపూ, యాదికొస్తలేదా?"

"ఆమె చెప్తుంటె పాడిన బిడ్డా" అన్నాడు. "నేర్చుకునే పని నాకెన్నడు పడలే."