బోరు బండి దగ్గర ఒకే టేకు

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను తీసిన మొదటి సినిమాలో ఒక రైతు బోరు వేయిస్తాడు, నీళ్లు పడవు. కథంతా ఆ సీను మీదే నిలబడాలి. బోరు బండిని కిరాయికి తెచ్చే తాహతు మాకు లేదు. సిమెంటు పొడి, పెద్ద ఫ్యాను పెట్టి ఒకసారి ప్రయత్నించాం. తెర మీద అది పిండి గిర్నీలా కనిపించింది. ఎవరైనా నిజంగా బోరు వేయిస్తుంటే వెళ్లి తీసుకుందాం అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

మా కెమెరామన్ మేనమామది డ్యాము ఉన్న నందికొండకు దగ్గర్లోని ఊరు. డ్యాము పక్కనే ఉన్నా కాలువ పల్లంలో పోతుంది, ఆయన చేను మెట్ట మీద ఉంది. ఏడేళ్లుగా పెంచిన బత్తాయి తోట, పాత బోరు ఎండిపోయి ఆకులు ముడుచుకుంటోంది. కొత్త బోరు వేయిస్తున్నాడు, అందులోనూ నీళ్లు పడకపోతే చెట్లు కొట్టేయడమే. చిత్రీకరణకు ఆయన కాదనలేదు. సినిమాలో బోరు ఏమవుతుందని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

పొద్దున్నే బండి వచ్చింది. మా కోసం బోరు రెండోసారి వేయరు కాబట్టి ఉన్నది ఒకే టేకు. బోరు కంటే ఆయన ముఖం ముఖ్యమని కెమెరామన్‌కు పదిసార్లు చెప్పాను, వాడు విసుక్కున్నాడు. గాలివాటం చూసి, లెన్సు మీద దుమ్ము పడని చోట స్టాండు పెట్టించాను. ఆయన భార్య నా పక్కనే నిలబడి, దిగుతున్న ఒక్కో రాడ్డునూ వేళ్ల మీద లెక్కపెడుతోంది. నేనూ లెక్కపెడుతున్నాను. ఆమె నీళ్లు కోరుకుంటోంది, నేను దుమ్ము కోరుకుంటున్నాను.

రెండు వందల అడుగుల దాకా తెల్ల దుమ్మే. మూడు వందలు దాటాక రంగు మారింది, తడి మట్టి ముద్దలుగా ఎగిరిపడింది.

“మామా, తడి తగిలింది! తడి!” కెమెరా వెనక నుంచే అరిచాడు కెమెరామన్.

ఆయన చెప్పులు విడిచి వెళ్లి, ఆ మట్టిని పిడికిట్లోకి తీసుకున్నాడు. నా నోట్లోంచి “ఛ!” అని వచ్చేసింది. గట్టిగానే వచ్చింది.

ఆమె నా వైపు తిరిగింది.

“మీ సిన్మల నీళ్లు పడవా, బిడ్డా?”

ఆ క్షణంలో అబద్ధం తోచలేదు. “పడవు” అన్నాను.

ఆమె మళ్లీ వేళ్ల మీద రాడ్లు లెక్కపెట్టుకుంది. తిడితే బాగుండుననిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా కెమెరా ఆపమని మాత్రం చెప్పలేదు.

నాలుగు వందల దగ్గర తడి పోయింది, మళ్లీ దుమ్ము మొదలైంది. ఇంకొక్క రాడ్డు, ఇంకొక్క రాడ్డు అంటూ దింపించాడాయన. ఐదు వందల దగ్గర బండి డ్రైవరు ఆయన వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

“ఇగ సాలు, ఆపుండ్రి” అన్నాడాయన.

మిషను ఆగింది. ఆయన గట్టు మీద కూలబడ్డాడు. జుట్టు, కనురెప్పలు, మీసం అన్నీ తెల్లగా దుమ్ము పట్టి ఉన్నాయి. ఏడవడం లేదు, తోట వైపు చూడటం లేదు. మా కెమెరామన్ కెమెరాను అక్కడే వదిలేసి, బోరు బండి చాటుకు పోయి ఏడుస్తున్నాడు. కెమెరా పక్కన నేనొక్కణ్నే మిగిలాను.

ఆమె దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది. శాపనార్థాలు పెడుతుందనుకున్నాను, నాకు అవి తగినవే.

“తియ్యి బిడ్డా” అంది. “గాయిన లేవకముందే తియ్యి. నీ పనన్న కానియ్యి.”

తీశాను. ఆయన లేచేదాకా తీశాను.

ఆ సినిమా చూసినవాళ్లు ఇప్పటికీ ఆ షాటు గురించే అడుగుతారు, నటన తెలియని మనిషితో అంత బాగా ఎలా చేయించారని. చాలా రిహార్సల్స్ చేశామని చెబుతాను.